జీవాల ప్రశ్నలు – జవాబులు: తెల్లకణాల లెక్క ఎలా చదవాలి?

ప్రశ్న: మా జెర్సీ ఆవు ఈనిన అయిదో రోజు మేత మానేసింది, జ్వరం 104. టౌన్లో మనుషుల ల్యాబులో రక్తం చూపిస్తే తెల్లకణాలు 5,200, ‘అంతా నార్మల్’ అన్నారు. పశువుల డాక్టరు స్లైడు (గాజుపలక మీద పూసిన రక్తం) చూసి ‘గర్భసంచికి చీము పట్టింది, ప్రమాదం’ అని వెంటనే వైద్యం మొదలుపెట్టారు. స్లైడులో నూరు తెల్లకణాల్లో రకాలవారీగా న్యూట్రోఫిల్స్ 14, బ్యాండ్లు 31, లింఫోసైట్స్ 50, మోనోసైట్స్ 5. నాలుగు రోజులకు మళ్లీ చూస్తే మొత్తం 14,800కి పెరిగింది. కానీ ఆవు మేస్తోంది, నెమరేస్తోంది. ఇదేం లెక్క?
– ఒక పాడి రైతు, కళ్యాణదుర్గం

జవాబు: మీ డాక్టరు చెప్పిందే సరి. ఆవులో తెల్లకణాలు మైక్రోలీటరుకు 4,000 నుంచి 12,000 దాకా ఉంటాయి కాబట్టి 5,200 అనే అంకె చూస్తే దిగులేమీ కనపడదు. అసలు సంగతి లోపల ఏ కణం ఎంతుందన్న దాంట్లో ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఆవులో ఒక న్యూట్రోఫిల్‌కు దాదాపు రెండు లింఫోసైట్స్ ఉంటాయి. మనిషిలో, కుక్కలో ఇది తిరగబడి న్యూట్రోఫిల్స్‌దే పైచేయి.

చీముతో పోరాడేవి న్యూట్రోఫిల్స్. కుక్క ఎముక మూలుగలో ఇవి బాగా నిల్వ ఉంటాయి, అవసరం పడగానే రక్తంలోకి వచ్చేస్తాయి. ఆవుకు ఆ నిల్వ చాలా తక్కువ. గర్భసంచికో పొదుగుకో గట్టి ఇన్ఫెక్షన్ తగిలితే ఉన్నవన్నీ కొద్ది గంటల్లోనే అక్కడికి వెళ్లిపోతాయి. మొదటి ఒకటి రెండు రోజులు రక్తంలో కణాలు తగ్గుతాయే గానీ పెరగవు. మూలుగ చేసేది లేక ఇంకా ముదరని కణాలను బయటికి పంపుతుంది. బ్యాండ్లంటే అవే. ముదిరిన న్యూట్రోఫిల్ కేంద్రకం ముక్కలు ముక్కలుగా నొక్కుకుపోయి ఉంటుంది. బ్యాండ్‌లో గుర్రపు నాడాలా వంగి, ఒకే పట్టీగా కనిపిస్తుంది. మామూలుగా నూటికి రెండు దాటవు. మీ ఆవులో ముదిరినవి 14, ముదరనివి 31. మొత్తం ఎంతున్నా సరే, బ్యాండ్లు ముదిరిన వాటిని మించాయంటే పరిస్థితి చేయి దాటబోతోందని అర్థం. ల్యాబు మిషను ఈ రెంటినీ కలిపి 45 శాతం న్యూట్రోఫిల్స్ అని చూపించి ఉంటుంది. మనుషుల కొలతలో అది మామూలే, అందుకే ‘నార్మల్’ అన్నారు.

నాలుగు రోజులకు మూలుగ పని అందుకుంది కాబట్టి అంకె పెరిగింది. రెండో స్లైడు లెక్క కూడా అడిగి తీసుకోండి: ముదిరినవి ఎక్కువై బ్యాండ్లు తగ్గి ఉంటే కోలుకుంటున్నట్టే. నాలుగో రోజుకీ 4,000 లోపే ఉండి, బ్యాండ్లే ఎక్కువుంటే భయపడాలి. మేత ముట్టింది కదా అని యాంటీబయాటిక్ మధ్యలో ఆపొద్దు. డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా పాలు కేంద్రంలో పోయొద్దు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు దురదలకు మూడు రోజులుగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు వేస్తున్నాం. రక్తపరీక్షలో తెల్లకణాలు 24,000. న్యూట్రోఫిల్స్ 88, లింఫోసైట్స్ 6, మోనోసైట్స్ 6, ఇసినోఫిల్స్ సున్నా. బ్లడ్ క్యాన్సరా?
– కడప

జవాబు: ఈ లెక్కలో క్యాన్సర్ పోలిక లేదు. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ మందు. ఇది స్టెరాయిడ్ వేసిన కుక్కలో అచ్చంగా కనిపించే లెక్క. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను స్టెరాయిడ్ ప్రవాహంలోకి దించుతుంది, లింఫోసైట్స్‌ను, ఇసినోఫిల్స్‌ను తగ్గిస్తుంది. కొత్తగా కణాలు పుట్టినందువల్లే ఇంత పెరిగిందనుకోవద్దు. అయితే స్టెరాయిడ్ జ్వరాన్నీ వాపునీ కప్పిపెడుతుంది గనక స్లైడులో బ్యాండ్లు లేవని చూపించుకోండి. మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరు ఆపించాక నాలుగైదు రోజులకు మళ్లీ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. ఈ అంకె ఒక్కటి చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మాత్రం తప్పు. ఇకమీదట ఏ ల్యాబుకు వెళ్లినా వేసిన మందు పేరు, తేదీ చీటీ మీద రాసివ్వండి.

ప్రశ్న: గొర్రెల రక్తం పంపితే ‘గడ్డకట్టింది, పనికిరాదు’ అంటున్నారు. ఎలా పంపాలి?
– ఒక గొర్రెల కాపరి, ఆదోని

జవాబు: మెడనరం నుంచి డాక్టరు చేతనే తీయించండి. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టంలో గీత దాకా రక్తం పోయాలి. తక్కువ పోస్తే మందు ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి, ఎక్కువ పోస్తే గడ్డకడుతుంది. సిరంజి నుంచి సూది తీసేసి, గొట్టం గోడ వెంబడి నిదానంగా వదలాలి. వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయండి, గిలక్కొట్టొద్దు. గడ్డలో తెల్లకణాలు చిక్కుకుంటే లెక్క తప్పుగా తక్కువ వస్తుంది.

మన ఎండల్లో జేబులో పెట్టుకుని బస్సెక్కితే మాత్రం కణాలు చెడిపోతాయి. ఐసు ప్యాకును పేపరులో చుట్టి, థర్మకోల్ పెట్టెలో పక్కన గొట్టం పెట్టి, అదే రోజు చేర్చండి. గడ్డకట్టే చలిలో పెట్టొద్దు. దొడ్డి దగ్గరే రెండు స్లైడులు గీయించి, గాలికి ఆరాక కాగితంలో చుట్టి పెట్టెకు బయట ఉంచండి. చల్లటి పెట్టెలోంచి తీస్తే స్లైడు మీద చెమ్మ పట్టి కణాలు పగిలిపోతాయి.