రుద్రమదేవి ఎప్పుడు, ఎలా మరణించారు?

కాకతీయ రాణి రుద్రమదేవి 1289 నవంబరులో మరణించారని చెప్పడానికి ముఖ్యమైన ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం. రాణి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరుకోగా, వారి పుణ్యం కోసం ఆ నాయకుని భృత్యుడైన పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి దేవునికి భూమిని దానం చేసినట్లు అందులో ఉంది. ఓరుగల్లును దాదాపు మూడు దశాబ్దాలు ఏలిన మహారాణి మరణవార్త ఒక సామాన్య భటుని దానశాసనం ద్వారా మనకు అందడం నన్ను ఎంతగానో కదిలించే విషయం.

మరణానికి కారణం మాత్రం ఆ శాసనంలో లేదు. రాణి, సేనాని ఒకేసారి గతించడాన్ని బట్టి, అప్పటికే తిరుగుబాటు చేసిన కాయస్థ వంశపు సామంతుడు అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే వారు నేలకొరిగి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. మల్లికార్జునుణ్ణి ఓడించానని అంబదేవుడు తన త్రిపురాంతక శాసనంలో చెప్పుకోవడం ఈ ఊహకు బలం చేకూరుస్తుంది. అయినా ఇది పరోక్ష ఆధారాలను బట్టి చేసిన ఊహే కాబట్టి, రాణిని అంబదేవుడే చంపాడని నిర్ధారణగా రాయడం సరికాదు.

ఆమె తర్వాత, కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు రాజ్యానికి వచ్చి అంబదేవుణ్ణి అణచివేశాడు.