పురుగుమందు తాగిన మనిషి బతకడం దేనిమీద ఆధారపడుతుంది?

ఒకే మందు తాగిన ఇద్దరిలో ఒకరు బతికి, ఇంకొకరు ఎందుకు పోతారని అడిగారు. అలాంటి మనిషి ఇప్పుడు మీ ఎదుటే ఉంటే చదవడం ఆపి ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

నేను ఎమర్జెన్సీలో, తర్వాత ఐసీయూలో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. ఏ మందు, ఎంత లోపలికి పోయింది అన్నవి ముఖ్యమే, కానీ అవి మన చేతుల్లో లేవు. మన చేతుల్లో ఉన్నది ఊపిరి. నేను చూసినంతలో ప్రాణాలు ఎక్కువగా పోయింది అక్కడే.

ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు ఎసిటైల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. నరాల సంకేతం ఆగాల్సిన చోట ఆగదు. చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి. దీనికి విరుగుడుగా అట్రోపిన్ అనే ఇంజెక్షన్ ఇస్తాం. ఐదు నిమిషాలకోసారి ఛాతీ విని, గరగర తగ్గకపోతే డోసు రెట్టింపు చేస్తూ పోతారు. కంటిపాపలు పెద్దవయ్యాయి కదా అని అక్కడ ఆపకూడదు. ఛాతీ తేటపడాలి, బీపీ, నాడి నిలబడాలి. మోతాదు మించితే జ్వరం, పలవరింత వస్తాయి. అందుకే పక్కన ఒక మనిషి కదలకుండా ఉండాలి.

తాగింది కార్బమేట్ అనే ఇంకో రకం పురుగుమందైతే ఎంజైము సాధారణంగా ఒక రోజులో తనంతట తాను కోలుకుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ మాత్రం గంటలు గడిచేకొద్దీ ఎంజైముకు విడదీయరానంతగా అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నదాన్ని విడిపించడానికి ఇచ్చే ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు వల్ల ఎంత మేలన్న దానిమీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. పురుగుమందు డబ్బానో, కనీసం లేబుల్ ఫొటోనో తీసుకురమ్మని నేను బతిమాలేది ఇందుకే.

దయచేసి వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు పట్టించి తీసుకొచ్చిన ఒకాయన విషం నుంచి తేరుకున్నాడు గానీ, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాతో పోయాడు. చాలా మందుల్లో విషంతోపాటు నూనెలాంటి ద్రావకాలు కూడా ఉంటాయి, అవి ఊపిరితిత్తులను పాడు చేస్తాయి. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మీ చేతులకు తొడుగులు వేసుకుని, తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో కడగండి. కడగడం కోసం ప్రయాణం మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఇక చాలామందికి తెలియనిది మొదటి రోజు గడిచాక వచ్చే ప్రమాదం. ఒకమ్మాయి రెండో రోజుకు చక్కగా మాట్లాడింది. ఇంటికి పంపమని వాళ్లవాళ్లు పట్టుబట్టారు. ఆ సాయంత్రం దిండు మీంచి తల ఎత్తమన్నాను, ఎత్తలేకపోయింది. మెడ కండరాలు పడిపోతే తర్వాత పడిపోయేవి ఊపిరి కండరాలే. ఇది సాధారణంగా మొదటి నాలుగు రోజుల్లోనే వస్తుంది, అట్రోపిన్‌తో తగ్గదు. రాత్రికే వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. ఆమె ఇంట్లో ఉండుంటే?

గొట్టం గొంతులో ఉన్నన్నాళ్లూ ఆమెకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. "ఎందుకిలా చేశావ్" అని మంచం పక్కన నిలబడి నిలదీస్తుంటే కళ్లలోంచి నీళ్లు కారేవి. వాళ్లను బయటికి పంపి, మానసిక వైద్యురాలిని పిలిపించాం. పన్నెండో రోజు దిండు మీంచి తల ఎత్తి, ఎత్తినట్టే ఉంచి, నా వైపు చూసింది.