కార్డులో మిగిలిన లిమిట్ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర ఒక గ్రామం. జడ్చర్ల సమీపంలోని పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో పని చేస్తున్నాను. జీతం చేతికి 36 వేలు వస్తుంది. గది అద్దె, తిండి, ప్రయాణం, ఫోన్ కలిపి 14 వేలు, ఇంటికి 10 వేలు, చిట్టీకి 5 వేలు పోతాయి. అది 40 నెలల రెండు లక్షల చిట్టీ, ఇప్పటికి 14 వాయిదాలు కట్టాను. రెండేళ్ల క్రితం జపాన్‌కు చెందిన మహిళా రాక్ బృందం ‘బ్యాండ్-మెయిడ్’ కచేరీ వీడియో చూసినప్పటి నుంచి వాళ్లకు వీరాభిమానినయ్యాను. గిటార్ కొని నేర్చుకుంటున్నాను. ఆల్బమ్‌లు, టీషర్టులు తెప్పించుకోవడంతో క్రెడిట్ కార్డులో 64 వేల బాకీ ఉంది, నెలకు 3,500 కడుతున్నాను. లిమిట్ లక్షన్నర కాబట్టి అత్యవసరానికి ఇంకా 86 వేలు ఉన్నాయి. ఈ ఏడాదే జపాన్ వెళ్లి ఒక్కసారైనా వాళ్ల కచేరీ చూడాలని ఉంది. మూడేళ్ల గడువుతో రెండున్నర లక్షల వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా? తక్కువ పడితే 50 వేలు ఇస్తామని ఒక లోన్ యాప్ నుంచి మెసేజ్‌లు కూడా వస్తున్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో ‘అత్యవసరానికి ఇంకా 86 వేలు ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం కోసమే ఈ జవాబు రాస్తున్నాను. ఆ 86 వేలు బ్యాంకు సొమ్ము. మీరు వాడుకున్న రోజు నుంచి అది అప్పు, వాడుకోని రోజున బ్యాంకు ఎప్పుడైనా తగ్గించగలిగే ఒక అంకె. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి నన్ను సంప్రదించే యువ ఉద్యోగుల్లో చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. ఇష్టమైన వాటికి వాడే కార్డునే ఆపదకు కూడా నమ్ముకుంటారు. ఇష్టం పెరిగేకొద్దీ ఆపద కోసం ఉందనుకున్నది తరిగిపోతూ ఉంటుంది.

మహబూబ్‌నగర్‌కు చెందిన ఒక కుటుంబానికి జరిగింది చెబుతాను. ఇంటి పెద్దకు రాత్రి పదకొండు గంటలకు ఛాతీలో నొప్పి వస్తే కారు మాట్లాడుకుని హైదరాబాద్‌కు తీసుకెళ్లారు. ఆసుపత్రి కౌంటర్‌లో అడ్వాన్సు 60 వేలు అడిగారు. కొడుకు కార్డు ఇచ్చాడు. యంత్రం రెండుసార్లు తిరస్కరించింది, ఎందుకంటే ఆ నెలలోనే కొత్త ఫోన్ కొనడం వల్ల లిమిట్‌లో 11 వేలే మిగిలాయి. తెల్లవారేదాకా బంధువులకు ఫోన్లు చేసి, చివరకు నూటికి మూడు రూపాయల మిత్తికి డబ్బు తెచ్చారు. తండ్రి కోలుకున్నారు. ఆ అప్పు తీరడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

నూటికి మూడు రూపాయలంటే మనకు వెంటనే భయం వేస్తుంది. మీ కార్డు మీద మీరు కడుతున్నది అంతకంటే ఎక్కువని గమనించారా? నెలకు మూడున్నర శాతం చొప్పున 64 వేలకు వడ్డీ 2,240 రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 403 రూపాయలు. మీరు కట్టే 3,500లో అసలు నుంచి తగ్గేది 857 రూపాయలు మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంత వరకు కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు వర్తించదు, ఈ రోజు తెప్పించుకున్న ఆల్బమ్‌కు ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. యెన్‌లలో చెల్లించిన ప్రతిసారీ విదేశీ మారక రుసుము కూడా పడుతుంది. జపాన్‌లో ఒకే ఆల్బమ్‌ను రెండు మూడు రకాల ముద్రణల్లో విడుదల చేయడం మామూలు. మీ దగ్గర ఒకే ఆల్బమ్ ఎన్ని రకాలుగా ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక రెండున్నర లక్షల రుణం. 16 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుకు ఈఎంఐ సుమారు 8,790 అవుతుంది, మొత్తం వడ్డీ 66 వేలు దాటుతుంది. అన్ని ఖర్చులూ పోను మీకు మిగిలేది 7 వేలు. ఆ 7 వేల నుంచి ఈ ఈఎంఐ, కార్డుకు 3,500 రెండూ కట్టాలంటే ప్రతి నెలా 5,290 తక్కువ పడుతుంది. అది ఇంటికి పంపే పది వేల నుంచి తీయాలి, లేదా మళ్లీ కార్డు మీదే పడాలి. ఈ లెక్క వేసిన తర్వాత కూడా ఈ రుణం గురించి ఆలోచించడం తగదని గట్టిగా చెబుతున్నాను. లోన్ యాప్ విషయంలో ఆలోచన కూడా అక్కర్లేదు. ఆ మెసేజ్‌లు తొలగించి ఆ నంబర్లను బ్లాక్ చేయండి. అడగకుండానే అప్పు ఇస్తామని వెంటపడేవాళ్లు వసూలుకు ఎలా వెంటపడతారో చూసి చూసి నాకు ఓపిక నశించింది.

మీరు అభిమానించే బృందం విషయంలోనే జరిగినది ఒకటి గుర్తుచేస్తాను. బ్యాండ్-మెయిడ్ 2021 ఫిబ్రవరిలో టోక్యోలోని ప్రసిద్ధ వేదిక నిప్పాన్ బుడోకాన్‌లో కచేరీ చేయాల్సి ఉంది. కరోనా వల్ల అది రద్దై, అభిమానులు ఆన్‌లైన్ కచేరీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కచేరీ రద్దైతే టికెట్ డబ్బు తిరిగి రావచ్చు, మీ ఈఎంఐ మాత్రం ఆగదు. అదే బృందం 2013లో మొదలై, పదేళ్లకు 2023 నవంబర్‌లో యొకోహామా అరీనాలో వార్షికోత్సవ కచేరీ చేసే స్థాయికి వచ్చింది. అంతకాలంగా సాగుతున్న బృందాన్ని చూడాలన్న కోరికకు ఈ ఏడాదే అని గడువు పెట్టుకోవడం మీరు మీ మీద వేసుకున్న ఒత్తిడి. మెయిడ్ దుస్తుల్లో వేదికెక్కి అంత గట్టి రాక్ సంగీతం వాయించే ఆ ఐదుగురిని చూసి ఒక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి గిటార్ పట్టుకుంటే నాకు సంతోషమే. ఆ ఇష్టాన్ని వదులుకోమని నేను చెప్పను.

ముందుగా చిట్టీ. అది రిజిస్టర్డ్ చిట్టీ అయి, పాటలో చేతికి లక్షన్నరకు దగ్గరగా వచ్చేటట్లయితే ఎత్తుకోండి. 64 వేలతో కార్డు బాకీ ఒకేసారి తీర్చేయండి, మిగిలిన 80 వేల పైచిలుకుతో అత్యవసర నిధి మొదలుపెట్టండి. అందులో ఒక్క రూపాయి కూడా జపాన్‌కు వెళ్లకూడదు.

ఆ నిధి ఎంత ఉండాలంటే, మీ ఖర్చులు, ఇంటికి పంపేది కలిపి 24 వేలు, చిట్టీ వాయిదా 5 వేలు, మొత్తం 29 వేలు. ఎత్తుకున్న చిట్టీకి వాయిదా ఆగితే హామీదారుల మీద పడుతుంది కాబట్టి దాన్ని కూడా లెక్కలో చేర్చాను. ఆరు నెలలకు లక్షా 74 వేలు. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, డెబిట్ కార్డు జేబులో పెట్టుకోకుండా, కొంత పొదుపు ఖాతాలో, కొంత ఎప్పుడైనా తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. మీ అమ్మానాన్నల చేతికి అందేలా నామినీ పేరు రాయించడం మరిచిపోవద్దు. నెలకు మిగిలే 7 వేలలో 6 వేలు ఈ నిధికి, వెయ్యి మీ బృందానికి. ఆ వెయ్యిని వేరుగా పెట్టి, నెలల తరబడి కూడబెట్టి కొనుక్కోండి, కార్డుతో మాత్రం వద్దు. దాదాపు 16 నెలల్లో నిధి పూర్తవుతుంది. ఆ తర్వాత ఆ 6 వేలు, చిట్టీ ముగిశాక దాని 5 వేలు కూడా జపాన్ ఖాతాలోకి మళ్లిస్తే, ఇప్పటి నుంచి నాలుగేళ్లు నిండక ముందే రెండున్నర లక్షలు మీ సొంత డబ్బుగా చేతిలో ఉంటాయి. రుణం తీర్చడానికి మీరు సిద్ధపడిన మూడేళ్ల కంటే ఇది కొన్ని నెలలే ఎక్కువ.

ఇంటికి ఆహార భద్రత కార్డు ఉంటే అమ్మానాన్నలకు 10 లక్షల వరకు ఆరోగ్యశ్రీ ఉంది, కానీ రాత్రివేళ కారు కిరాయి, మీరు పెట్టే సెలవులకు పోయే జీతం అది ఇవ్వదు. వాళ్లు మీ సంపాదన మీద ఆధారపడితే జీవిత బీమాలో టర్మ్ పాలసీ ఒకటి తీసుకోండి. పీఎఫ్ జోలికి పోవద్దు.

పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే తీసుకోండి. మామూలు పాస్‌పోర్టుకు రుసుము 1,500, పదేళ్లు చెల్లుతుంది, మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రం మీకు దగ్గరే.