స్లీవా, బైపాసా? ముందు రెండు పరీక్షలు

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. ఏడేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్లుగా మాత్రలతో పాటు రాత్రిపూట ఇన్సులిన్ కూడా వేసుకుంటున్నాను. అయినా మొన్న మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 9.1 వచ్చింది. పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్ని మంట పుడుతుంది, రెండు తలగడలు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చే బిళ్లలు వేసుకుంటూ ఉంటాను. మా వదిన మూడేళ్ల క్రితం విశాఖపట్నంలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ముప్పై కిలోలు తగ్గింది, ఇప్పుడు బాగానే ఉంది. నేనూ వెళ్లి చూపించుకుంటే ఒక డాక్టరు గారు స్లీవ్ చాలన్నారు, మరొకరు షుగరు ఉంది కనుక మినీ బైపాస్ మేలన్నారు. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. రెండింటిలో ఏది చేయించుకోవాలో తేల్చి చెప్పగలరు.
ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఉత్తరం ముగిస్తూ ఏదో గుర్తొచ్చినట్టు మీ నాన్నగారి డయాలసిస్ సంగతి ఒక్క ముక్కలో రాశారు. మిగిలినదంతా చదివాక నేను మళ్లీ వెనక్కి వెళ్లి ఆగింది ఆ ముక్క దగ్గరే. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కర లేదు, దానికి కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. దాని మీద మీకు ఏడేళ్ల షుగరు ఉంది, ఆ పైన నొప్పి బిళ్లలు ఉన్నాయి. ఈ మూడూ దెబ్బ తీసేది కిడ్నీలనే. కాబట్టి ఏ ఆపరేషన్ అన్న మాటకు ముందు మీ కిడ్నీలు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో తెలియాలి. ఆ పరీక్ష ఫలితాల ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ ఎత్తుకు మీ బరువును లెక్క కడితే బీఎంఐ 39.8 వస్తుంది. ఇంత బీఎంఐ, దానితో పాటు అదుపు తప్పిన షుగరు ఉన్నవారికి ఆపరేషన్ సూచించడంలో తప్పేమీ లేదు, ఆ విషయంలో మీరు చూపించుకున్న డాక్టర్లిద్దరిదీ ఒకే మాట. తేడా వచ్చింది రకం దగ్గరే కాబట్టి వాటిలో ఏం చేస్తారో ముందు చెబుతాను.

స్లీవ్‌లో పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెట్టి, లాప్రోస్కోపీ ద్వారా జీర్ణాశయాన్ని పైనుంచి కిందికి స్టేప్లర్‌తో కత్తిరిస్తారు. ఎడమ పక్కన సంచిలా ఉబ్బి ఉండే భాగం, అంటే మొత్తంలో 75 నుంచి 80 శాతం, బయటికి తీసేస్తారు. అరటికాయంత సన్నని గొట్టం లోపల మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కనుక కడుపు చిన్నదవడమే కాక ఆకలి కూడా మందగిస్తుంది. పేగుల జోలికి పోరు కాబట్టి విటమిన్ల లోటు బైపాస్‌తో పోలిస్తే తక్కువ. అయితే తీసేసినది మళ్లీ రాదు. మీ విషయంలో అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. సన్నని గొట్టంలో ఒత్తిడి పెరిగి, ఆమ్లం పైకి ఎగదన్నడం చాలామందిలో ఎక్కువవుతుంది. అంతకుముందు ఛాతీ మంట ఎరగని వాళ్లకు కూడా కొత్తగా మొదలుకావచ్చు.

మినీ బైపాస్ సంగతికి ముందు మామూలు బైపాస్. ఇందులో జీర్ణాశయం పైకొసన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీస్తారు. దగ్గు మందు సీసాతో వచ్చే పది మిల్లీలీటర్ల మూతతో కొలిస్తే మూడు మూతలు, అంతే. చిన్న పేగును కొంత దూరంలో కోసి ఆ సంచికి అతుకుతారు. మిగిలిన జీర్ణాశయం లోపలే ఉంటుంది గాని తిన్న అన్నం అటు పోదు. దాని రసాలు, కాలేయం నుంచి వచ్చే పైత్యరసం వేరే దారిన దిగి, పేగులో మరికొంత కిందికి వెళ్లాక రెండో అతుకు దగ్గర ఆహారంతో కలుస్తాయి. ఆమ్లం తయారయ్యే భాగం దాదాపు అంతా దారి తప్పించినట్టవుతుంది కనుక ఛాతీ మంట తగ్గుతుంది.

స్విట్జర్లాండ్‌లో ఒకటి, ఫిన్లాండ్‌లో ఒకటి, రోగులను చీటీ తీసినట్టు ఈ రెండు ఆపరేషన్లకూ పంచి ఐదేళ్లు గమనించిన అధ్యయనాలు 2018లో వెలువడ్డాయి. బరువు తగ్గడంలో బైపాస్ ఒక మెట్టు పైన ఉన్నా, ఎంపికను మార్చేంత తేడా కాదది. ఛాతీ మంట లెక్క వేరు. స్విస్ అధ్యయనంలో అది ముదిరినవారు స్లీవ్ తర్వాత 31.8 శాతం, బైపాస్ తర్వాత 6.3 శాతం. రెండు తలగడల మీద పడుకునే మీకు స్లీవ్ చాలన్న డాక్టరు గారు ఎండోస్కోపీ చేయించిన తర్వాతే ఆ మాట అన్నారా అన్నది నా సందేహం. మీ వదిన గారికి అది బాగా పనిచేసిందంటే సంతోషమే, కానీ ఆమెకు ఈ మంట, ఈ ఇన్సులిన్ ఉండేవో లేదో మీరు రాయలేదు.

ఇక మినీ బైపాస్. ఇందులో జీర్ణాశయాన్ని పొడవాటి గొట్టంగా చేసి, చిన్న పేగును సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్ల దూరాన ఒకే ఒక్క చోట అతుకుతారు. అతుకు ఒకటే కనుక ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది. షుగరు, బరువు రెండూ బాగా తగ్గుతాయి, దీనికి ఇంత ఆదరణ రావడానికి కారణం అదే. కానీ పైత్యరసం ఆ అతుకు ముందునుంచే పారుతుంది కాబట్టి కొందరిలో పైకి ఎగదన్నుతుంది. అంతకంటే నేను మీ విషయంలో ఎక్కువ ఆలోచించేది ఆకుకూరల వంటివాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం గురించి. పేగు ఎంత ఎక్కువ దూరం తప్పిస్తే కొవ్వు అంత తక్కువగా ఒంటబడుతుంది. అలా మిగిలిన కొవ్వు పేగులోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. ఆహారంలోని ఆక్సలేట్‌ను కట్టిపడేసి విరేచనంతో పంపించే పని ఆ కాల్షియానిది. అది దొరక్కపోతే ఆక్సలేట్ రక్తంలో కలిసి కిడ్నీలకు చేరుతుంది, అక్కడ రాళ్లు కట్టవచ్చు. కొందరిలో కిడ్నీలోనే పేరుకుని దాని పనిని దెబ్బ తీస్తుంది. మామూలు బైపాస్‌లో కూడా ఈ ప్రమాదం ఉంది, పేగు ఎక్కువ దూరం తప్పించే పద్ధతుల్లో మరింత ఉంది. పాలకూర, తోటకూరలతో పాటు జీడిపప్పులో కూడా ఆక్సలేట్ ఎక్కువ. పలాస పక్కన ఉన్నవారిని జీడిపప్పు తగ్గించమనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

కాబట్టి తేల్చి చెప్పమన్నారు గనుక, రెండు పరీక్షల మీద ఆధారపడి చెబుతాను. మొదటిది కిడ్నీలది: రక్తంలో పేరుకునే వ్యర్థం క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీల వడపోత వేగం, మూత్రంలో పోయే అల్బుమిన్ అనే ప్రొటీన్. ఇవన్నీ ఒకే రోజు ఇవ్వగలిగిన రక్తమూత్ర పరీక్షలే. రెండోది ఎండోస్కోపీ. కిడ్నీలు బాగుండి, ఎండోస్కోపీలో అన్నవాహిక ఒరిసి పుండు పడి కనిపిస్తే, లేదా జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారిన హెర్నియా బాగా పెద్దదిగా ఉంటే, మామూలు బైపాస్ మీకు తగినది, స్లీవ్ వద్దు. అల్బుమిన్ పోతూ ఉన్నా, క్రియాటినిన్ పెరిగి ఉన్నా, మినీ బైపాస్ ఊసే ఎత్తకుండా ముందు కిడ్నీ వైద్యులను కలవండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే. కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఛాతీ మంట ఉన్నా కూడా, హెర్నియాను కుట్టి సరిచేస్తూ స్లీవ్ చేయడమే మేలని సర్జను, కిడ్నీ వైద్యుడు కలిసి నిర్ణయించే సందర్భాలు ఉన్నాయి. ఆ నిర్ణయం ఉత్తరం మీద జరిగేది కాదు.

షుగరు పూర్తిగా పోతుందన్న ఆశ మాత్రం అతిగా పెట్టుకోకండి. జబ్బు కొత్తగా ఉన్నవారిలో, ఇన్సులిన్ అవసరం పడనివారిలో ఫలితం బాగుంటుంది. మీకు ఇన్సులిన్ తగ్గవచ్చు, మానివేయగలిగినా ఆశ్చర్యం లేదు, అయినా హామీ ఇవ్వలేను. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లోనే షుగరు చకచకా పడిపోతుంది కాబట్టి ఇంటికి పంపేటప్పుడు మోతాదులు మార్చి రాసిచ్చారో లేదో చూసుకోండి.

ఆ మోకాళ్ల బిళ్లల సంగతి. నా దగ్గరకు వచ్చేవాళ్లను వాడే మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను. ఒకసారి ఒకావిడ పాలిథిన్ కవరు బల్ల మీద గుమ్మరిస్తే, షుగరు మాత్రల మధ్య పేరు కనిపించకుండా పట్టీలోంచి చించి ఇచ్చిన నొప్పి బిళ్లలు పదిహేడు లెక్కకు వచ్చాయి, అవి మందులేనన్న ఆలోచన కూడా ఆమెకు లేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి బిళ్లలు కిడ్నీలకు చెరుపు, బైపాస్ అతుకు దగ్గర పుండ్లకు కూడా అవే ముఖ్య కారణం. ఇప్పటినుంచే మానేసి, తప్పనిసరైతే వైద్యుణ్ణి అడిగి పారాసెటమాల్ వాడండి. ఆ అతుకు పుండుకు పొగాకు ఇంకో కారణం. మన తీరం వెంబడి అడ్డపొగ, అంటే నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట, తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు కనుక ఈ మాట మీకు కాకపోయినా ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

బైపాస్ తర్వాత ఐరన్, బీ12, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం వాడాలి, స్లీవ్ తర్వాత కూడా పూర్తిగా మానలేరు. కాల్షియం సిట్రేట్‌ను భోజనంతో పాటు వేసుకుంటే ఆక్సలేట్‌ను కూడా కొంత పట్టి ఉంచుతుంది. మొదటి రెండు వారాలు పలుచని ద్రవాలే, తర్వాత మెత్తగా నూరినవి. నీళ్లూ అన్నమూ ఒకేసారి తీసుకోకూడదు, రెండింటి మధ్య అరగంట ఎడం ఉండాలి. అంటే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని జుర్రుకునే అలవాటు పోతుంది. చోడి అంబలి మంచిదే, కానీ ప్రొటీన్ లెక్కకు అది చాలదు, గుడ్డు తెల్లసొన, పెరుగు, మెత్తగా ఉడికిన చేప కావాలి. మామూలుగా రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ చెబుతారు, మీకు ఎంతన్నది కిడ్నీ పరీక్షలు చూశాక నిర్ణయించాలి. ఆ మొదటి నెలలో నీళ్లు సరిగా తాగలేక ఒళ్లు ఎండిపోతే కిడ్నీలకు అదే పెద్ద దెబ్బ. కాబట్టి ఏ ఆపరేషనైనా మండువేసవిలో పెట్టుకోకండి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 142 కిలోలు. బట్టల షాపు నడుపుతున్నాను. గల్లా దగ్గర కూర్చునే నిద్రపోతున్నాను, రాత్రి నా గురకకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కోత లేదు కనుక కడుపులో బెలూన్ పెట్టించుకుందామని ఉంది. సరిపోతుందా?
ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: సరిపోదు. సాధారణ బెలూన్‌ను ఎండోస్కోపీ ద్వారా పెట్టి, ఆరు నెలలకు తీసేస్తారు. ఉన్నంతకాలం కడుపు నిండినట్టుంటుంది, తీశాక ఆకలి మామూలే, చాలామందిలో బరువూ తిరిగి వస్తుంది. మీ బీఎంఐ 49. ఇంత బరువులో బెలూన్‌కు ఒకే ఉపయోగం ఉంది, పెద్ద ఆపరేషన్‌కు ముందు కొన్ని కిలోలు దింపి మత్తు ఇవ్వడాన్ని సులువు చేయడం.

కూర్చున్నచోట నిద్ర ముంచుకు రావడం స్లీప్ ఆప్నియాకు, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకు గుర్తు. ముందు నిద్ర పరీక్ష చేయించుకుని, అవసరమైతే నిద్రలో ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ యంత్రం కొన్ని వారాలు వాడాక ఆపరేషన్‌కు వెళ్లండి. మీకు ఛాతీ మంట లేకపోతే స్లీవ్ తగినదే. ఇంతటి బరువు ఉన్నవాళ్లకు రెండు విడతల పెద్ద ఆపరేషన్‌లో మొదటి విడతగా పుట్టినదే స్లీవ్. మొదటి విడతతోనే చాలామంది బాగా తగ్గడంతో తర్వాత అది విడిగా నిలబడింది. తగ్గింది చాలకపోతే కొన్నేళ్లకు దాన్ని బైపాస్‌గా మార్చే దారి తెరిచే ఉంటుంది. జీర్ణాశయం పైభాగం చుట్టూ బిగించే పట్టీ, అదే ఒకప్పుడు విరివిగా పెట్టిన బ్యాండ్, ఎవరైనా సూచిస్తే వద్దనండి, అది జారడం, లోపలికి కోసుకుపోవడం చూసి దాన్ని దాదాపు అందరూ వదిలేశారు.

డబ్బు సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఆరోగ్య బీమా ఉంటే పాలసీ పత్రం తీసి చదవండి. బీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం బీఎంఐ 40 దాటినా, 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులేని షుగరు వంటివి ఉన్నా, ఈ ఆపరేషన్‌ను ఊబకాయం పేరుతో తోసిపుచ్చకూడదు. వేచి ఉండాల్సిన కాలం ఎంతో మాత్రం ముందే కనుక్కోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. ఎత్తు 160, బరువు 79. వేరే జబ్బులేవీ లేవు. సంబంధాలు వస్తున్నాయి, ఎవరికీ తెలియకుండా ముందే స్లీవ్ చేయిస్తే మంచిదని బంధువులు అంటున్నారు.
ఒక తల్లి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: బీఎంఐ దాదాపు 31. మన దేశంలో వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న కొలత 37.5, అనుబంధ జబ్బులుంటే 32.5. ఆసియా వాసులకు ఇంకా తక్కువ బీఎంఐ దగ్గరే చేయవచ్చని 2022లో అంతర్జాతీయ సంఘాలు చెప్పిన మాట నిజమే, దాన్ని చూపించి ఎవరైనా సరేననవచ్చు. ఏ జబ్బూ లేని పిల్లకు జీర్ణాశయంలో ముప్పాతిక వంతు తీయించడానికి నేను మాత్రం సలహా ఇవ్వను. థైరాయిడ్, నెలసరి క్రమం, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా) ఉందేమో చూపించి, ఆహారం, వ్యాయామం ఒక ఏడాదైనా పద్ధతిగా చూడండి. 2025లో మన దేశంలో బరువు కోసం అమ్మకానికి వచ్చిన వారపు ఇంజెక్షన్లు కూడా ఆపరేషన్‌కు ముందు మెట్టే, అవి కూడా వైద్యుని పర్యవేక్షణలో వాడాల్సినవి.

ఎవరికీ తెలియకుండా అన్నారు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి, మాత్రలు రోజూ వేసుకోవాలి, విందులో నాలుగు ముద్దలకు మించి తినడం కుదరదు. కొత్త కోడలు ఇవన్నీ అత్తవారింట్లో ఎన్నాళ్లు దాచగలదు? ఉత్తరంలో మీ మాట, మీ బంధువుల మాట ఉన్నాయి, అమ్మాయి ఏమంటోందో లేదు. వచ్చే నెల ఆమెనే రాయమనండి, జవాబు ఆమెకే ఇస్తాను.