నాలుగు అంచులూ చూశాకే నొక్కు

తమ్ముడూ,

నువ్వు పంపిన గండికోట ఫొటోలు చూశాను. పెన్న లోయ లోతు బాగా పట్టావు. నీ కాళ్ల ముందున్న బండను మాత్రం వదిలేశావు.

మూడో ఫొటో పెద్దది చేసి చూడు. కింద ఎడమ మూలన ఎండుకంప ఒకటి సగం తెగి లోపలికి పొడుచుకొచ్చింది. ముందున్న బండ కొస సరిగ్గా అవతలి ఒడ్డు గీతకు తగులుతోంది. చూపు అక్కడే చిక్కుకుంటుంది, నది వంపు దాకా పోదు. ట్రైపాడ్ జానెడు పైకెత్తి ఉంటే బండకూ ఒడ్డుకూ మధ్య సన్నగా నీరు కనిపించేది, బండ విడిగా నిలిచేది. లోయ ఎటూ కదలదు, కదలాల్సింది నువ్వే.

అందుకే షట్టర్ నొక్కే ముందు ఫ్రేము నాలుగు అంచుల వెంబడీ ఒకసారి చూపు తిప్పు. చిప్స్ ప్యాకెట్ కనిపిస్తే ముందు వెళ్లి తీసి సంచీలో వేసుకో, ఎడిటింగ్‌లో చెరిపేద్దాంలే అనుకోకు.

బండ పగుళ్లలో మొలిచిన గడ్డి, రాతి గరుకు, ఇవన్నీ ఏటవాలు ఎండలోనే తేలతాయి. సూర్యోదయమయ్యాక అరగంట చాలా విలువైనది. మిట్టమధ్యాహ్నం ఎర్రరాయి పాలిపోతుంది.

అన్నీ స్పష్టంగా రావాలని ఎఫ్ 22 పెట్టావు, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని బాగా చిన్నది చేశావు. అంత చిన్న రంధ్రంలో వెలుగు చెదిరి, బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 24 ఎంఎం వైడ్ లెన్సు దగ్గర ఎఫ్ 11 చాలు. రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, మీటరు దగ్గరి గడ్డి నుంచి దూరపు కొండల దాకా బాగానే వస్తుంది. ఫోకస్ సరిపోయిందో లేదో లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద కనిపించే దృశ్యాన్ని, పదింతలు పెంచి చూసుకో, పెంచకుండా చిన్న తెర మాట నమ్మకు. వేలు తగిలి కెమెరా కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టు.

గడ్డి కదిలితే ట్రైపాడ్ ఏమీ చేయలేదు. ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100లో షట్టర్ వేగం 1/8 సెకను వస్తుంటే 800కి పెంచు, 1/60 దొరుకుతుంది. బొమ్మలో కాస్త నలుసు (నాయిస్) వచ్చినా పర్వాలేదు, అలుక్కుపోయిన గడ్డిని ఎవరూ బాగుచేయలేరు. గాలి ఆగిన క్షణంలో నొక్కితే ఇంకా మంచిది.

లెన్సు ముందు బిగించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ ఆకుల మీద, తడిరాయి మీద మెరుపు తగ్గిస్తుంది. ఆకాశం మీద మాత్రం సూర్యుడు పక్కన ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. వైడ్ లెన్సుతో పూర్తిగా తిప్పావంటే ఆకాశంలో ఒకవైపు నల్లటి మరక పడుతుంది, సగమే తిప్పు.

ఒక్కటి మరిచిపోకు. ఫ్రేము సరిచేసుకునేటప్పుడు వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయకుండా అడుగు వేయకు. అక్కడ బండ అంచు దాటితే లోయే.

ఆశీస్సులతో,
అన్నయ్య