బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏం చూస్తారు? ఆఫర్ వచ్చాక కూడా ఉద్యోగం పోతుందా?

పోవచ్చు. చాలా ఆఫర్ లెటర్లలో 'వెరిఫికేషన్‌కు లోబడి' అనే షరతు ఉంటుంది. అందుకే రిపోర్ట్ క్లియర్ అయ్యేవరకు, వీలైతే, పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.

సాధారణంగా గుర్తింపు, చదువు, పాత ఉద్యోగాలు, కోర్టు కేసులు చూస్తారు. డబ్బు వ్యవహారాలు చూసే ఉద్యోగమైతే అప్పుల చరిత్ర కూడా. ఇదంతా తరచుగా బయటి ఏజెన్సీ చేస్తుంది, ముందుగా మీ సమ్మతి సంతకం తీసుకుంటారు. సంతకానికి ముందు ఏమేం అడిగారో చదవండి.

ఎక్కువగా చిక్కులొచ్చేది తేదీల దగ్గరే. పాత కంపెనీ హెచ్‌ఆర్ చాలాసార్లు చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మాత్రమే చెబుతుంది. మానేసిన నెల రెజ్యూమెలో 'మార్చి' అని, రిలీవింగ్ లెటర్‌లో (మానేసినప్పుడు పాత కంపెనీ ఇచ్చే పత్రం) 'జనవరి' అని ఉంటే ఉద్యోగం లేని ఖాళీని దాచారనుకుంటారు. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడక లెటర్లు ముందు పెట్టుకుని వెరిఫికేషన్ ఫారం నింపండి. ఖాళీ ఉంటే ఉందనే రాయండి. ఖాళీ కంటే దాన్ని కప్పిపుచ్చడమే ఎక్కువ నష్టం. పూర్తికాని డిగ్రీని పూర్తయినట్టు రాయడమూ అంతే.

కంపెనీ మూతపడిందా? పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పన్ను పత్రాలు చాలావరకు పనికొస్తాయి. సర్టిఫికెట్లలో పేరు వేర్వేరుగా ఉంటే ముందే చెప్పండి.

ప్రస్తుత యజమానిని ఇప్పుడే సంప్రదించవద్దని ఫారంలోనే స్పష్టంగా రాయండి.

అదే పేరున్న వేరొకరి కేసు మీ ఖాతాలో పడటమూ జరుగుతుంది. అప్పుడు రిపోర్ట్ కాపీ అడిగి, పుట్టిన తేదీ, చిరునామా ఆధారాలతో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఫోన్‌లో చెబితే రికార్డు ఉండదు.