లౌడన్ కౌంటీలో ట్రాఫిక్ తగ్గాలంటే కొత్త ఇళ్ళు ఆపాలా, రోడ్లు వెడల్పు చేయాలా?

వాషింగ్టన్ డీసీకి పడమర, వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీకి మీరు వచ్చి రెండేళ్ళయిందని, పొద్దున సౌత్ రైడింగ్ నుంచి యాష్‌బర్న్ చేరడానికే ప్రాణం విసిగిపోతోందని రాశారు. అందరం కలిసి కొత్త ఇళ్ళకు అనుమతులు ఆపించి, ఉన్న రోడ్లను వెడల్పు చేయిస్తే పరిస్థితి మారుతుందా అని అడిగారు. నేను 2004 నుంచి ఈ కౌంటీలోనే ఉంటున్నాను. మీరు తలపెట్టిన ఈ రెండు పనుల కోసమూ ఒకప్పుడు కౌంటీ కేంద్రమైన లీస్‌బర్గ్ వెళ్ళి పబ్లిక్ హియరింగుల్లో మైకు ముందు నిలబడినవాణ్ణే. మొదటిది చాలావరకు తప్పనీ, రెండోది సగమే ఒప్పనీ ఇప్పుడు అనుకుంటున్నాను.

ముందు ఇక్కడి లెక్క ఎలా ఉందో చూడండి. 1990లో ఈ కౌంటీ జనాభా 86,129. 2000లో 1,69,599, 2010లో 3,12,311, 2020లో 4,20,959. ముప్పై ఏళ్ళలో జనం దాదాపు ఐదు రెట్లు అయ్యారు. దీనికి తోడు వర్జీనియాకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1932 నాటి చట్టం వల్ల, ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలను మినహాయిస్తే, కౌంటీల్లోని రోడ్ల నిర్వహణ అంతా రాష్ట్ర ప్రభుత్వానిదే. ఎక్కడ ఎన్ని ఇళ్ళు కట్టవచ్చో చెప్పే అధికారం మాత్రం ప్రజలు ఎన్నుకునే కౌంటీ బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌ది. అనుమతి ఇచ్చేది ఒకరు, ఆ అనుమతితో వచ్చిపడే కార్లను మోయాల్సింది మరొకరు అన్నమాట. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని ఇక్కడివాళ్ళు ప్రాఫర్ అనే పద్ధతితో పూడ్చుకుంటూ వచ్చారు. భూమి వాడకాన్ని మార్చే అనుమతి, అంటే రీజోనింగ్, కోరే బిల్డరు ‘స్వచ్ఛందంగా’ కొంత డబ్బో, బడికి స్థలమో, తన స్థలం ముందు రోడ్డు ముక్కో ఇస్తానని రాసిస్తాడు. అందుకే మన రోడ్లు అతుకుల బొంతల్లా ఉంటాయి. కొత్త ఇళ్ళ కమ్యూనిటీ ముందు నాలుగు లేన్లతో దర్జాగా సాగిన రోడ్డు, పక్క పొలం ఆసామి ఇంకా అమ్మలేదు కాబట్టి, అక్కడికి రాగానే రెండు లేన్లకు ముడుచుకుపోతుంది. పొద్దున ఎనిమిదింటికి మనమంతా ఆగిపోయేది సరిగ్గా ఆ ముడుచుకుపోయిన చోటే.

ఇక ఇళ్ళు ఆపడం గురించి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కౌంటీ పశ్చిమ భాగంలోని పొలాల్లో ఇళ్ళ సంఖ్యను గట్టిగా తగ్గిస్తూ 2003లో బోర్డు నిబంధనలు తెచ్చింది. ప్రజలకు ఇవ్వవలసిన నోటీసు సరిగా ఇవ్వలేదన్న కారణంతో 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. 2006లో మళ్ళీ, కొంత మార్చి, తెచ్చారు. ఆ పొలాలు, ద్రాక్షతోటలు ఈనాటికీ మిగిలి ఉన్నాయంటే అందులో ఆ నిబంధనల పాత్ర ఉంది, అందుకు నాకు సంతోషమే. అయితే ఉద్యోగాలు ఇక్కడే ఉన్నప్పుడు, ఇల్లు దొరకని మనిషి ఉద్యోగం మానుకోడు కదా, కొండ దాటి అవతల ఇల్లు కొనుక్కుంటాడు.

మా అక్క కొడుకు చేసింది అదే. యాష్‌బర్న్ మెట్రో స్టేషన్ రాబోయే చోటికి దగ్గరలో అపార్ట్‌మెంట్లకు రీజోనింగ్ అడిగినప్పుడు, ‘బడులు నిండిపోతాయి, రోడ్లు స్తంభించిపోతాయి’ అని వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇచ్చిన రెండు మూడు నిమిషాల్లో బాగానే మాట్లాడానని ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా. కొన్నేళ్ళ తరువాత మావాడికి యాష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడి టౌన్‌హోమ్ ధరలు చూసి బెంబేలెత్తి, వెస్ట్ వర్జీనియాలోని చార్ల్స్‌టౌన్‌లో ఇల్లు తీసుకున్నాడు. రోజూ రూట్ 9 మీదుగా హిల్స్‌బరో ఊరి మధ్యలోంచి వచ్చి, రూట్ 7 ఎక్కి, ఆఫీసు చేరేసరికి గంటకు తక్కువ పట్టదు. నేను ఆపాననుకున్న కారు ఆగలేదు. నాలుగు మైళ్ళు నడవాల్సింది, ముప్పై మైళ్ళకు పైగా నడుస్తోంది, అదీ చాలావరకు మన కౌంటీ రోడ్ల మీదే. పండగకు భోజనానికి పిలిచినా ‘ఆ రోడ్డు మీద మళ్ళీనా మామయ్యా’ అంటాడు, నేను మాట మారుస్తాను.

మెట్రో విషయం ఒక్క ఓటు మీద తేలింది. వాషింగ్టన్ మెట్రో రైలు మార్గమైన సిల్వర్ లైన్‌లో చేరాలా వద్దా అన్నదాని మీద 2012 జులైలో మన బోర్డు 5–4తో చేరాలని నిర్ణయించింది. యాష్‌బర్న్ దాకా రైలు వచ్చింది మాత్రం 2022 నవంబర్ 15న. స్టేషన్ చుట్టూ ఇళ్ళు, దుకాణాలు ఉంటేనే రైలుకు అర్థం. కానీ లౌడన్ గేట్‌వే స్టేషన్ డల్లెస్ విమానాశ్రయపు శబ్ద పరిధిలో ఉండటంతో అక్కడ ఇళ్ళు కట్టడానికి వీల్లేదు. ఆ చుట్టుపక్కల డేటా సెంటర్లు వెలిశాయి. డేటా సెంటరుకు వచ్చే కార్లు తక్కువ, కట్టే పన్ను ఎక్కువ, అందుకని బోర్డు వాటిని చాలాకాలం ముద్దుగా చూసుకుంది. కరెంటు తీగలు, శబ్దం అన్న గొడవలు వేరే చర్చ.

రోడ్ల వెడల్పు దగ్గరకు వస్తాను. పెద్ద రోడ్ల మీద పెట్టిన ఖర్చు వృథా అనను. రూట్ 28నే చూడండి. 1987లో ఆ రోడ్డు వెంట ఉన్న వాణిజ్య భూముల మీద ప్రత్యేక పన్ను వేసి, ఆ డబ్బుతో రోడ్డు వెడల్పు చేశారు, సిగ్నళ్ళు ఒక్కొక్కటిగా తీసేసి, ఆగకుండా ఒక రోడ్డు నుంచి మరో రోడ్డుకు మారే ఇంటర్‌చేంజిలు కట్టారు. రోడ్డు వల్ల ఎవరి భూమి విలువ పెరిగిందో వారి చేతే కట్టించారు కాబట్టి అది నాకు నచ్చిన ఏర్పాటు. కానీ మన రోజువారీ ఇరుకు చాలావరకు అలాంటి రహదారి మీద పుట్టేది కాదు. సాయంత్రం ఆరింటికి రోడ్ల మీద ఉన్న కార్లలో ఆఫీసు నుంచి వచ్చేవెన్ని, నాట్యం క్లాసుకీ లెక్కల క్లాసుకీ పిల్లల్ని దింపేవెన్ని అన్నది మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న. ఈ ప్రయాణాలన్నీ రెండు మూడు మైళ్ళవే. వాటికి పెద్ద రోడ్డు ఎక్కవలసిన పని లేదు, వీధులు ఒకదానితో ఒకటి కలిస్తే.

మా వీధి చివర ఎర్ర తెల్ల చారల బారికేడు ఒకటి ఉంది. ముందు ముందు ఈ రోడ్డును పొడిగిస్తారని దాని మీద చిన్న బోర్డు. మేము వచ్చిన కొత్తలోనే తీగలు అల్లుకుని ఆ అక్షరాలు సగం కనబడేవి కావు, పిల్లలు అక్కడ సైకిళ్ళు తొక్కేవారు. వెనక పొలంలో కొత్త కమ్యూనిటీ, దాని పక్కన బడి వచ్చాక, ఆ బారికేడు తీసి రెండు వీధులూ కలుపుతామన్నారు. మా వీధిలోకి బయటి కార్లు వస్తాయని ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించాం. రోడ్డు రాలేదు, ఒక కాలిబాట మాత్రం మిగిలింది. ఫలితంగా, మా డాబా మీద నుంచి కనబడే బడికి కారులో వెళ్ళాలంటే బయటికి వచ్చి, పెద్ద రోడ్డు మీద రెండు సిగ్నళ్ళు దాటి, లెఫ్ట్ తీసుకోవాలి. అటు కమ్యూనిటీ వాళ్ళూ మన కిరాణా కొట్టుకు అదే సిగ్నల్ దగ్గరకు వస్తారు. రోజూ ఒకరి దారికి ఒకరం అడ్డం. పక్క వీధులతో కలవని కొత్త వీధులను నిర్వహణకు తీసుకోబోమని రాష్ట్రం 2009లో నియమం పెట్టి, 2011లో సడలించింది. సడలించమని మొరపెట్టుకున్నవాళ్ళ బాధ నాకు తెలుసు, వాళ్ళలాంటివాడినే కాబట్టి.

వెడల్పు చేయకుండా బాగుపడిన చోట్లు కూడా ఉన్నాయి. రూట్ 50, రూట్ 15 కలిసే గిల్బర్ట్స్ కార్నర్ దగ్గర ఒకప్పుడు సిగ్నల్ దగ్గర బారులు తీరేవాళ్ళం. ఆల్డీ, మిడిల్‌బర్గ్ వైపు వాళ్ళు బైపాస్ వద్దని, వేగం తగ్గించే ఏర్పాట్లు కావాలని ఏళ్ళ తరబడి పోరాడితే, అక్కడ సిగ్నల్ బదులు, గుండ్రంగా తిరిగి వెళ్ళే రౌండబౌట్లు వచ్చాయి. మొదట్లో నాకూ కంగారుగానే ఉండేది.

కాబట్టి మీరు సంతకాలు సేకరించాలనుకుంటే, ఇళ్ళు ఆపమని కాకుండా, ఇళ్ళు స్టేషన్ దగ్గర రమ్మని, అతుకుల మధ్య మిగిలిపోయిన రోడ్డు ముక్కలు ముందు పూర్తి చేయమని సేకరించండి. మీరు వెళ్ళాల్సిన చోటు కూడా ఒక్కటి కాదు. రీజోనింగ్ మీద మీ సూపర్‌వైజరును పట్టుకోవాలి, సిగ్నల్ టైమింగు, రోడ్డు గుంతల మీద రాష్ట్ర రవాణా శాఖకు రాయాలి. ఒకరి పని మరొకరిని అడిగి నెలలు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. అన్నిటికన్నా ముందు, 2019 జూన్‌లో ఆమోదించిన కౌంటీ రవాణా ప్రణాళికను తెరిచి, అందులోని పటం మీద మీ ఇల్లు వెతకండి. మీ వీధి చివర ఇప్పటికి లేని రోడ్డు ఏదైనా గీసి ఉంటే, బారికేడు వెనక తీగలు పెరగకముందే ఇరుగుపొరుగుతో మాట్లాడటం మొదలుపెట్టండి.